భుజం అని రాశాను

జూన్ 8, శనివారం

ఓడిపోయాం. నలభై ఒకటి, సున్నా. సున్నా మనది.

ఆ నలభై ఒకటి కూడా అవతలి పిల్లల మంచితనమే. చివరి పది నిమిషాలూ జాలిపడి నడిచారు. నడిచేవాళ్లని కూడా మనవాళ్లు పట్టుకోలేకపోయారు. ఆడపిల్లల రగ్బీ మా బడికి కొత్తేం కాదు, ఇది ఆరో ఏడు. ఓడిపోవడమూ కొత్త కాదు, దానికీ ఆరో ఏడే.

ఈ ఆటలో బంతిని వెనక్కే విసరాలి, మనుషులు ముందుకే పోవాలి. నేను డెబ్బై ఏళ్లు దీన్ని తిరగేసి బతికాను, పనిని ముందుకు తోసి నేను వెనక్కి జారుకుంటూ. అయినా ఈ ఆటంటే ప్రాణం. మనవరాలు కెప్టెన్ కాబట్టి అంటుంది మా ఆవిడ. కావచ్చు.

మైదానం గీత పక్కన బెంచీ, బెంచీ మీద నేను, నా ఒళ్లో సంచీ. ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లు కట్లు కట్టిన కాంపౌండర్ని గనక ఈ పని నాకు అప్పగించారు. సంచీలో దూది, నొప్పికి చల్లే మంచుమందు సీసా, కత్తెర, గాయాల పుస్తకం, నీలం కార్డు. ఆ కార్డుతోనే తంటా అంతా. పిల్ల తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, నేను లేచి దాన్ని ఎత్తాలి. ఎత్తితే ఆ పిల్ల బయటికి. ఇరవై ఒక్క రోజులు బూటు కట్టకూడదు. రిఫరీ కూడా కాదనడానికి లేదు. ఎత్తిన కార్డు దించడానికీ లేదు.

పోయినేడు గెలవబోయిన ఒకే ఒక్క ఆటలో, ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా, మా మనవరాలు మొహం పట్టుకుని పడిపోయింది. నేను కార్డు ఎత్తాను. కంట్లో మట్టి. అంతే. పదిమంది తొమ్మిదిమందయ్యారు, రెండు పాయింట్ల తేడాతో ఆట పోయింది. మనవరాలు నాతో నెలరోజులు మాట్లాడలేదు. బడి మొత్తం నాకు 'మట్టి డాక్టర్' అని పేరు పెట్టింది. సైకిళ్లు తుడిచేవాడు కూడా, "డాక్టర్ గారూ, ఈ చక్రానికి మట్టంటింది, కార్డేమైనా ఎత్తుతారా?" అన్నాడు.

ఈ ఏడు చూసి ఎత్తాలి.

జూన్ 15

ఇరవై తొమ్మిది, అయిదు. ఆ అయిదూ మనవి.

గడ్డపార కొట్టింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వాడరు. దర్జీ ఆవిడ కూతురు. పదిహేనేళ్లు, నిలువెత్తు, తిన్నగా వెళ్లడం తప్ప వేరే విద్య రాదు. బంతి చంకలో పెట్టుకుందంటే ముందు ఎవరున్నారో చూడదు. ఇవాళ ముగ్గురు దాని నడుము పట్టుకుని వేలాడుతుంటే వాళ్లతో సహా గీత దాటింది. వాళ్లమ్మ గట్టు మీద కూర్చుని ఎవరి చొక్కా ఎక్కడ చిరిగిందో కళ్లతోనే కొలుచుకుంటోంది. కూతురు గీత దాటినప్పుడు మాత్రం నోట్లోని గుండుసూదులు చేతిలోకి తీసుకుని నవ్వింది.

అన్నట్టు నాకు చదువు ఎవరూ చెప్పలేదు. మందుసీసాల మీది చీటీలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఏ వాక్యమైనా చివరికి 'బాగా కలిపి వాడవలెను' అని ముగుస్తుందనుకునేవాణ్ణి. పెళ్లికి ముందు మా ఆవిడకి రాసిన మొదటి ఉత్తరం కూడా అలాగే ముగించాను. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

జూన్ 22

వాన. ఆట లేదు. మా ఆవిడ సంతోషించింది, మట్టి బట్టలు ఉతకక్కర్లేదని.

జూలై 6

గెలిచాం. పన్నెండు, పది.

మళ్లీ రాస్తాను. గెలిచాం. డ్రిల్ టీచరమ్మ ఆట అయ్యాక గడ్డిలో చతికిలబడి, "ఇప్పుడేం చెయ్యాలి పెద్దాయనా? గెలిచినప్పుడు ఏం చేస్తారో నాకు తెలీదు" అంది. ఆవిడకి ఆరేళ్లుగా ఓదార్చడమే అలవాటు.

మాకున్నది పదకొండుమంది. ఆ పదకొండో పిల్ల కళ్లజోడు. ఆటలో కళ్లద్దాలు పెట్టుకోకూడదు, తీసేస్తే ఆ పిల్లకి లోకమంతా పొగమంచు. ప్రాక్టీసులో ఎదురొచ్చినవాళ్లందరినీ గుద్దుకుంటుంది. ఒకసారి గోలు స్తంభాన్ని గుద్ది, "సారీ అక్కా" అంది. ఆటలప్పుడు నా పక్కన బెంచీ మీదే, కళ్లద్దాలతో. ఏం జరుగుతోందో నాకంటే ముందు ఆ పిల్లే చెబుతుంది. నాకు రేడియో ఉన్నట్టే.

జూలై 13

గెలిచాం.

జూలై 20

గెలిచాం. ముప్ఫై ఒకటి, ఏడు. సైకిళ్లు తుడిచేవాడు నాకు నమస్కారం పెట్టాడు. నేనేం చేశానని? అయినా తీసుకున్నాను.

జూలై 27

సమానం. వచ్చే శనివారం గెలిస్తే సెమీస్. మనవరాలు అన్నం తింటూ గోడకేసి చూస్తుంది. "ఏంటే?" అంటే "లైనౌట్" అంటుంది, బయటికి పోయిన బంతిని మళ్లీ లోపలికి విసరడం. నిద్రలో బంతి అడుగుతోందట.

ఆగస్టు 3

గెలిచాం. పదిహేడు, పద్నాలుగు. సెమీస్‌లో ఉన్నాం.

ఎండ బాగా కాసింది. మైదానం ఒక మూల గడ్డి పూర్తిగా పోయింది, తోటమాలితో చెప్పాలి. అవతలి బడి సంచీ ఆయన కూడా నాలాంటివాడే, ఆసుపత్రిలో చేసి రిటైరైనవాడు. మంచి మనిషి. ఆయనా నేనూ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయనకి ఎడమది, నాకు కుడిది. ఇద్దరం కలిస్తే ఒక మంచి మనిషి తయారవుతాడని నవ్వుకున్నాం.

రెండో సగంలో గడ్డపార కింద పడింది. అవతలి పిల్ల మోకాలు తగిలింది. భుజానికి. వెంటనే లేచింది. లేచి అవతలి జట్టు వరసలో నిలబడింది, క్షణంసేపు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మా మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గీత దగ్గరికి వచ్చినప్పుడు మనవరాలు నావైపు చూసింది, నా చెయ్యి సంచీలో ఉందేమోనని. నా చెయ్యి మోకాలి మీదే ఉంది.

ఆ తర్వాత గడ్డపార ఇంకో అయిదు పాయింట్లు కొట్టింది. బాగున్న పిల్ల గనకే కదా కొట్టింది.

పుస్తకంలో భుజం అని రాశాను. రిఫరీ సంతకం పెట్టాడు.

ఆగస్టు 4

భుజమే.

ఆగస్టు 6

ప్రాక్టీసు. గడ్డపార బూటు లేసు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు "శనివారం మన ఆట ఎవరితో?" అని అడిగింది. మొదటిసారి చెప్పాను. రెండోసారీ చెప్పాను. పిల్లలు పరధ్యానంగా ఉంటారు ఆ వయసులో. మా మనవరాలూ అంతే.

భుజం ఎలా ఉందమ్మా అని అడిగాను. "ఏ భుజం తాతా?" అంది.

ఆగస్టు 8

దర్జీ ఆవిడ బడి గేటు దగ్గర ఆపింది. "కాంపౌండర్ గారూ, మా పిల్ల తలనొప్పి అంటోంది. శనివారం ఏమైనా తగిలిందా?"

"భుజానికమ్మా. పుస్తకంలో కూడా రాశాను."

"హమ్మయ్య. ముప్ఫై ఆరేళ్ల అనుభవం మీది, మీరంటే ఇంక సరే."

డ్రిల్ టీచరమ్మ కూడా అడిగింది. ఆవిడకీ అదే చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు బాగా సర్దుకుంది.

ఆగస్టు 10

సెమీస్ గెలిచాం. ఇరవై రెండు, పంతొమ్మిది. ఆఖరి నిమిషంలో మా మనవరాలు.

గడ్డపార ఆడింది. ఒకసారి బంతి తీసుకుని మన గీత వైపే పరిగెత్తింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. ఆట అయ్యాక నీళ్ల కుళాయి వెనక వాంతి చేసుకుంది. నేను వీపు రుద్దాను. ఎండ అన్నాను. ఆకాశం నిండా మబ్బు.

నన్ను కూడా భుజాల మీదికి ఎత్తారు. డెబ్బై ఏళ్లలో మొదటిసారి. పైనుంచి అందరి తలలూ కనబడ్డాయి.

ఆగస్టు 11

గెలిచాం.

గెలిచాం, ఫైనల్‌కి వెళ్లాం, ఆరేళ్లలో ఎప్పుడూ లేదు.

తల. నేను చూశాను. చెవి పైన, కణత దగ్గర. చప్పుడు కూడా విన్నాను. ఎవరికీ చూపించని ఈ పుస్తకంలో కూడా వారంరోజులు భుజమనే రాసుకున్నాను.

ఆగస్టు 13, మంగళవారం

పొద్దున్నే దర్జీ కొట్టుకి వెళ్లాను. ఆవిడ మిషను మీద ఉంది. ఫైనల్‌కి కొత్త చొక్కాలు, గడ్డపార నంబరు కుడుతోంది. నేను చెప్పాను. భుజం కాదు, తల. పదిరోజులైంది. ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమ్మా అని.

మిషను ఆగింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది.

"అది నాకు రోజూ చెప్పింది కాంపౌండర్ గారూ. అమ్మా తల, అమ్మా తల అని. మీరు చూశారు కదా అని నేను నమ్మలేదు. చదువెగ్గొట్టడానికి నాటకాలంటూ తిట్టాను. నిన్న లేవనంటే దుప్పటి లాగి ప్రాక్టీసుకి పంపాను."

నేను ఏదో అనబోయాను.

"మీరు ఊరుకోండి. కూతురు ఒకటి చెబుతుంటే పరాయివాడి పుస్తకాన్ని నమ్మాను. నా సంగతి నేను చూసుకుంటాను."

కొట్టు తలుపు వేసి వెళ్లింది. చొక్కా మిషను మీదే ఉండిపోయింది, నంబరు సగంలో.

ఆగస్టు 14

డాక్టరమ్మ నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంది. "డిసెంబరు, నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు..." అక్కడ ఆగింది. మళ్లీ సెప్టెంబరు. మళ్లీ సెప్టెంబరు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, వచ్చిన పాఠం మరిచిపోయినట్టు.

చీకటి గది, విశ్రాంతి. పుస్తకం వద్దు, ఫోను వద్దు, స్నేహితులు వద్దు. నయమవుతుందట. ఎన్ని వారాలో చెప్పలేనంది. "మొన్న శనివారం ఆటలో దీనికి ఇంకో దెబ్బ తగిలి ఉంటే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కాదు" అంది. ఎవరి వైపూ చూసి అనలేదు.

బయటికొచ్చాక డ్రిల్ టీచరమ్మ నన్ను వరండా చివరికి తీసుకెళ్లింది. లీగు నియమం నాకూ తెలుసు. తల దెబ్బ తగిలిన పిల్లని దాచి ఆడిస్తే ఆ ఆటా, ఆ తర్వాతివీ ఓడినట్టే లెక్క. మూడో తారీకు దెబ్బ అని రాస్తే ఫైనల్ పోయినట్టే.

"సోమవారం ప్రాక్టీసులో తగిలిందని రాద్దాం పెద్దాయనా. పిల్ల ఎలాగూ ఆడదు కదా. మిగతా పదిమందీ ఏం పాపం చేశారు?"

"నిజం రాయకపోతే..."

"మీరు చేసినదానికి వాళ్లకి శిక్షా?"

సోమవారం అని రాశాను. దర్జీ ఆవిడని అడిగితే, "మీ కాగితాలు మీ ఇష్టం, నన్ను అడక్కండి" అంది.

ఆగస్టు 15

రాయడానికేం లేదు.

ఆగస్టు 16

సాయంత్రం కళ్లజోడు మా ఇంటికొచ్చింది. మనవరాలు లోపల ఉంది, దానికోసం అనుకున్నాను. కాదు, నాకోసమే. అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు తీసి తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"తాతయ్యా, ఎవరినైనా గట్టిగా గుద్దితే గుద్దినవాళ్లకి తెలుస్తుందా?"

"ఎందుకమ్మా?"

"సోమవారం నేను నలుగురిని గుద్దాను. మూడు గట్టిగా తగిలాయి. ఒకటి మెత్తగా తగిలింది. ఆ మెత్తటిదే గడ్డపార తలేమో."

ఎవరన్నారమ్మా నువ్వని అని అడిగాను.

"ఎవరూ అనలేదు. ప్రాక్టీసులో అంటే ఇంకెవరు గుద్దుతారు? అందరూ నాకు దూరంగా నిలబడుతున్నారు. ఇప్పుడు తన బదులు ఫైనల్‌లో నేనే ఆడాలట. నేను ఆడను తాతయ్యా. ఇంకెవరినైనా గుద్దితే?"

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను. లోపల మనవరాలు పళ్లు తోముకుంటూ పాట పాడుతోంది, ఫైనల్‌కి కట్టుకున్న పాట. నేను అన్నది ఇది: "ఆటలో ఇవన్నీ మామూలే తల్లీ. నువ్వు కావాలని చేశావా ఏంటి? మనసులో పెట్టుకోకు."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "థాంక్స్ తాతయ్యా" అంది.

నేను చేసినదానికి ఆ పిల్లని క్షమించి పంపాను. ఇలాంటి పని ఆసుపత్రిలో పాతికమంది డాక్టర్ల దగ్గర పనిచేసి కూడా ఎప్పుడూ చూడలేదు.

ఆగస్టు 17

మనవరాలు అన్నం దగ్గర: "కళ్లజోడుని బెంచీ మీదే ఉంచి తొమ్మిదిమందితో ఆడదామా అనుకుంటున్నాం. దాని వల్లే కదా ఇదంతా." చాలా మామూలుగా అంది, ఉప్పు అందుకుంటూ.

మా ఆవిడ నా కంచం వైపు చూసి, "ఏమండీ, తినరేం?" అంది. తర్వాత నా మొహం వైపు చూసింది. నలభై ఆరేళ్ల కాపురం. ఆవిడకి పుస్తకాలు చదవక్కర్లేదు. "రేపు చెబుతారా, ఎల్లుండి చెబుతారా?" అని మాత్రం అడిగింది. ఏమిటని నేను అడగలేదు.

ఆగస్టు 18

ఎల్లుండి అనుకున్నాను.

ఆగస్టు 19, సోమవారం

ఇవాళే చెప్పాను.

ముందు డ్రిల్ టీచరమ్మ గదికి వెళ్లి గాయాల పుస్తకం తెరిచాను. భుజం కొట్టేశాను. 'తల. ఆగస్టు మూడు. చూశాను. కార్డు ఎత్తలేదు' అని రాశాను. సోమవారం అని రాసింది కూడా కొట్టేశాను. ఆవిడ చూస్తూ నిలబడింది. ఆపుతుందనుకున్నాను. "నా సంతకం కూడా అక్కడుంది, నేను కూడా కొట్టెయ్యాలి. పెన్ను ఇవ్వండి" అంది.

తర్వాత బట్టలు మార్చుకునే గది. చెమటా, తడి బూట్లూ, తొమ్మిదిమంది పిల్లలూ. కళ్లజోడు తలుపు పక్కన విడిగా. మనవరాలికి చిన్నప్పటినుంచీ కథలు చెప్పినవాణ్ణి కదా, ఎక్కడ మొదలెట్టాలో తెలుసు, ఎక్కడ మలుపు తిప్పాలో తెలుసు. ఇవాళ నాలుగు ముక్కల్లో అయిపోయింది. తలకి తగిలింది మూడో తారీకున, ఆటలో. నేను చూశాను. ఊరుకున్నాను. ఫైనల్ లేదు.

కుళాయి కారుతున్న చప్పుడు.

మా మనవరాలు లేచింది. "చూశావా?"

"చూశాను."

"కార్డెందుకు ఎత్తలేదు తాతా?"

నువ్వు మాట్లాడవేమోనని, అని నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజం కూడా. కానీ అదీ ఇంకో పిల్ల నెత్తిన పెట్టడమే. మింగేశాను.

"నవ్వుతారని" అన్నాను.

అది బూట్లు విప్పి, లేసులు రెండూ కలిపి ముడివేసి, మెడలో వేసుకుని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే వెళ్లారు. ఒక పిల్ల ఏడుస్తూ, ఒక పిల్ల తలుపు తన్నుకుంటూ. నా వైపు ఎవరూ చూడలేదు. చూడకపోవడమే దయ.

కళ్లజోడు మిగిలింది.

"అయితే నేను కాదా?"

"కాదమ్మా."

"ఆ మెత్తగా తగిలింది?"

"ఏమో తల్లీ. గుద్దడానికి నిలబెట్టే దూది సంచీ ఏమో."

"మొన్న మీకు తెలుసు. మీ అరుగు మీద నేను అడిగినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

ఆ పిల్ల ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనదు, స్తంభానికి కూడా సారీ చెప్పే రకం. ఇవాళ మాత్రం, "అది చాలా తప్పు తాతయ్యా" అంది. "నేను కాదని కూడా పుస్తకంలో రాయండి. అందరూ చూసేటట్టు."

రాశాను. పైకి చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది.

ఆగస్టు 24, శనివారం

ఫైనల్ వేరే రెండు బళ్లు ఆడాయి. ఎవరు గెలిచారో అడగలేదు. సంచీ బడిలో అప్పగించేశాను. మనవరాలు ఇంట్లో నాతో 'ఊ', 'ఊహూ' దాకా వచ్చింది.

అయిదురోజులుగా సాయంత్రం దర్జీ ఇంటికి వెళుతున్నాను. మొదటిరోజు ఆవిడ తలుపు తియ్యలేదు. రెండోరోజు తీసి, "దేనికొచ్చారు?" అంది. ఏదైనా పని చెప్పమ్మా అన్నాను.

"డాక్టరమ్మ రోజూ నొప్పి ఎంతుందో రాయమంది, పదికి ఎంత అని. మిషను దగ్గర నాకు కుదరదు. గడప దాటి లోపలికి రాకండి. గుమ్మంలో నిలబడి అడగండి. అది ఏం చెబితే అది రాయండి."

గది తలుపుకి దుప్పటి కట్టి ఉంది. అవతల చీకటి. మనిషి కనబడదు, మంచం కిర్రుమన్న చప్పుడు వినబడుతుంది. నిన్న నాలుగంది. నాలుగు నాలుగే కదా, తగ్గుతోందని దారంతా ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను.

ఇవాళ గుమ్మంలో నిలబడి, "ఎంతమ్మా?" అన్నాను.

"ఏడు" అంది.

ఏడేంటమ్మా, నిన్న నాలుగన్నావుగా, సరిగ్గా చూసుకో, ఎండకి అయి ఉంటుంది. ఇవన్నీ ఒక్కసారే నోట్లోకి వచ్చాయి, వరసగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. దర్జీ ఆవిడ మిషను ఆపి నా వైపే చూస్తోంది. దుప్పటి అవతల ఆ పిల్ల కూడా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది, నేనేమంటానోనని.

ఏడు అని రాశాను.